మురికి వేసే ఉద్యోగం

ఇరవై రెండేళ్లు తుపాకులు తయారుచేశాను. అందులో ఒక్కటీ ఈ లోకంలో పేలలేదు. మా బంధువుల్లో చాలామందికి నేనేం పని చేసేదాన్నో ఇప్పటికీ అర్థం కాలేదు. నరసన్నపేటలో మా పిన్ని పెళ్లిళ్లలో నన్ను పరిచయం చేసేటప్పుడు "మా రమణ కంప్యూటర్లో బొమ్మలేస్తాది" అని అక్కడితో ఆపేసేది. ఒకసారి ఒక పెద్దాయన వదలకుండా ఏం బొమ్మలమ్మా అని అడిగితే, తుపాకులండీ అని నేనే చెప్పాను. ఆయన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

ఈ మధ్యనే ఉద్యోగం మానేశాను. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, వెళ్లేముందు నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. ఎక్కడ ఏ మీట నొక్కాలో రాస్తానని వాళ్ల ఆశ. అవన్నీ నాకంటే వాళ్లకే బాగా తెలుసు. పైగా అవి ఏడాదికోసారి మారిపోతాయి. నేను రాయగలిగింది వేరే ఉంది. ఈ పనిలో నేనొక తప్పు చేశాను. నమ్మి చేతిలో పెట్టిన మనిషికి, తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగి ఇవ్వలేకపోయాను. అది ఎలా జరిగిందో, దాన్ని సరిదిద్దుకోవడానికి ఏం చేశానో చెప్పాలనే కూర్చున్నాను. మిగిలిన సంగతులు దారిలో వస్తాయి.

తాతలు కలగన్న రేపు

మాది విజయనగరంలో చిన్న ఆఫీసు. కింద బట్టల కొట్టు, పైన మేము. విదేశాల్లో పెద్ద పెద్ద వీడియో గేములు చేసేవాళ్లు వాటిలోకి కావలసిన వస్తువులు కొన్ని మాచేత చేయించుకునేవారు. మా వాటాకి వచ్చినవన్నీ దాదాపు ఒకే రకం గేములు. పెద్ద యుద్ధం జరిగి లోకమంతా కాలిపోయి ఉంటుంది. మిగిలిన కొద్దిమంది శిథిలాల్లో తిండి వెతుక్కుంటూ, ఒకరికొకరు భయపడుతూ తిరుగుతుంటారు.

అయితే కాలిపోయింది మన లోకం కాదు. మన తాతల కాలంలో, వాల్వు రేడియో వెచ్చబడి పలకడానికి కాసేపు పట్టే రోజుల్లో, జనం రేపటి గురించి ఒక కల కన్నారు. అణుశక్తితో మండే పొయ్యి, రెక్కల కారు, ఇల్లు ఊడ్చే ఇనప మనిషి, మెరుపును చిమ్మే తుపాకి. ఆ రేపు మనకు రాలేదు. మనకు వేరే రేపు వచ్చింది. ఆ గేముల్లో మాత్రం అదే వచ్చింది, వచ్చి కాలిపోయింది. అందుకే అక్కడ సెల్‌ఫోను కనిపించదు. ముల్లు తిరిగే డయలు, గాజు బుడ్లు, పిడికిలంత స్విచ్చులు ఉంటాయి. తుపాకులు కూడా కొన్ని ఆ పాత కలలోంచి మిగిలినవి, కొన్ని కుక్కరు మూతలు, సైకిలు గొట్టాలు పట్టుకుని మిగిలిన మనుషులు కట్టుకున్నవి.

నాకు ఆ లోకం మొదటిరోజు కూడా కొత్తగా అనిపించలేదు. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, రైసుమిల్లు యంత్రాల బొమ్మలు గీసే చోట పదేళ్లకు పైగా పనిచేసి వచ్చినదాన్ని. బెల్టులు, కప్పీలు, ముల్లు వణికే మీటర్లు నాకు ఇంటి సామానే.

పని అయ్యాక, నేను చేసిన వస్తువు అక్కడ ఎలా ఉందో చూసుకోవడానికి ఒక్కదాన్నే ఆ లోకంలోకి వెళ్లేదాన్ని. అక్కడ ఎప్పుడూ సాయంత్రమే. దోర ఈతపండు రంగు ఎండ. కూలిన వంతెన, పట్టాల మీద ఆగిపోయిన రైలు, రోడ్డు మధ్య మోకాలెత్తు గడ్డి. ఎవరూ ఉండరు. గాలి మాత్రం వీస్తుంటుంది. చేతిలో తుపాకి ఉన్నా పేల్చబుద్ధయ్యేది కాదు, ఊరికే నడిచేదాన్ని. తర్వాత మెట్లు దిగి బజార్లోకి వస్తే ఆటోలు, అరుపులు, పూలకొట్లు అన్నీ కాసేపు నిజం కానట్టు ఉండేవి. అదొక మత్తు. పిల్లలూ, మీకూ ఎక్కుతుంది. భయపడకండి, అది లేనివాళ్లు ఈ పని చేయలేరు.

మూర్తిగారి ప్రశ్న

మా ఆఫీసు యజమాని మూర్తిగారు. ఒకప్పుడు సినిమాహాల్లో ప్రొజెక్టరు నడిపేవారు. కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగును ఏళ్లతరబడి చూసి ఆయన కళ్లు ఎప్పుడూ సగం మూసినట్టే ఉండేవి. హాలు మూతపడ్డాక నడివయసులో కంప్యూటరు నేర్చుకుని ఈ వ్యాపారం పెట్టారు. ఆయనకు కోపం రాదు, మెచ్చుకోవడమూ రాదు. ఏ వస్తువు చేసి చూపించినా అడిగేది ఒకటే మాట. "ఎవులిదమ్మా ఇది?"

నా మొదటి తుపాకి నాకు బాగా గుర్తు. రాగి తీగచుట్టలు, గాజు గొట్టం, ఇత్తడి మీట, లోపల నీలం వెలుగు. చూసినవాళ్లు వావ్ అనాలని చేశాను. ఆయన ముందు పెడితే ఆ ప్రశ్న వేశారు. ఎవరిదేమిటండీ, గేములో తుపాకి అన్నాను.

"తుపాకీ అని తెలస్తన్నాది. ఎవులిది అని అడుగుతన్నాను. కుడిసేతి వాటమోడిదా, ఎడంసేతిదా? కొత్తగా దొరికిందా, అయ్య దగ్గరనుంచి వొచ్చిందా? మనిషి లేడమ్మా ఇందులో."

నాలుగుసార్లు వెనక్కి పంపారు. నాలుగోసారి బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను కూడా, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అయిదోసారి కసిగా కూర్చుని, ఇది ఒక వంటమనిషిది అనుకున్నాను. యుద్ధానికి ముందు వందమందికి వండేది. అరచెయ్యి కాలి మచ్చపడింది. ఇనుము తగిలితే నొప్పి కాబట్టి పిడికి పాత చీర పీలిక చుట్టుకుంది. ఆ పీలిక నూనె పీల్చి నల్లబడింది. బొటనవేలు ఆనేచోట మెరుగు పోయింది. ఆయన చాలాసేపు చూసి, ఈవిడకి ఇంకా చెయ్యి నొప్పి పెడుతున్నట్టుందే అన్నారు. అదే ఆయన సంతకం.

మా పనిలో ఆఖరి మెట్టుకి ఇంగ్లీషులో పెద్ద పేరుంది. మేము మాత్రం "మురికి వేయడం" అనేవాళ్లం. కొత్తగా మెరుస్తున్న వస్తువుకి గీతలు, తుప్పు, చెమట, జిడ్డు పట్టించడం. ఇందులో నాకు పేరొచ్చింది. ఇప్పుడు కంప్యూటరే తుప్పు పట్టిస్తుంది, ఒక మీట నొక్కితే అన్నివైపులా సమానంగా. అలాంటిది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తుప్పు అన్నివైపులా సమానంగా పట్టదు. మా వైపు ఇళ్లలో తూర్పు కిటికీ ఊచలు వేలితో గిల్లితే రాలిపోతాయి, పడమటివి ముప్పై ఏళ్లైనా ఉంటాయి. ఉప్పుగాలి ఎటునుంచి వస్తుందో ఊచకి తెలుసు. మీ తుప్పుకీ తెలియాలి.

కొత్తవాళ్లు వస్తే నేను రామతీర్థం తీసుకువెళ్లేదాన్ని. కొండమీద బౌద్ధుల కాలపు ఇటుకలు చూపించేదాన్ని. శిథిలం అంటే పగలగొట్టిన గోడ అనుకుని వచ్చేవాళ్లు. అక్కడ కూర్చోబెట్టి, మెట్టు మధ్యలో ఎందుకు అరిగిందో, చివర్లు ఎందుకు అరగలేదో చెప్పమనేదాన్ని. ఎవరో నడిచారు కాబట్టి అని వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా టిఫిను పొట్లం విప్పనిచ్చేదాన్ని కాదు.

కిందికి నొక్కితే వెలిగింది

చేతికి తెలిసింది ఒక్కోసారి మోసం కూడా చేస్తుంది. ఒక గేము కోసం కరెంటు తుపాకి చేశాను. పక్కన పెద్ద స్విచ్చు. కిందికి ఉంటే పనిచేస్తుంది, పైకి ఉంటే ఆగిపోతుంది. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది అనుకున్నాను. పంపిన కొన్నాళ్లకి అక్కడ మా పని చూసే ఆవిడ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆడి చూసినవాళ్లంతా శత్రువు ఎదురుగా రాగానే స్విచ్చు పైకి ఎత్తుతున్నారట. తుపాకి ఆగిపోయి అందరూ చచ్చిపోతున్నారట.

నాకు అర్థం కాలేదు. మూర్తిగారు ఉత్తరం చదివి, లేచి వెళ్లి గోడమీద ఫ్యాను స్విచ్చు కిందికి నొక్కారు, పైకి ఎత్తారు, మళ్లీ కిందికి నొక్కారు. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. మన ఇళ్లలో స్విచ్చు కిందికి నొక్కితే వెలుగుతుంది. వాళ్ల ఇళ్లలో పైకి ఎత్తితే వెలుగుతుంది. లోకం కాలిపోయిన తర్వాత, అణుయుగపు శిథిలాల మధ్య, వాళ్ల ఊళ్లో నేను మా నరసన్నపేట ఇంటి స్విచ్చు పెట్టేశాను.

ఆ రోజు అందరం నవ్వుకుని సరిచేశాం. కానీ నేను నేర్చుకోవలసినంత నేర్చుకోలేదు. మన అలవాటు మన కంటికి కనిపించదు అన్నది ఒక స్విచ్చుతో తేలిపోయే పాఠం అనుకున్నాను.

ఎర్రమ్మప్ప రేడియో

ఆ ఉత్తరం రాసిన ఆవిడే కొన్నేళ్లకి కొత్త పని పంపింది. సముద్రపు ఒడ్డున ఒంటరిగా బతికే ఒక ముసలాయన, ఇంట్లో ఉన్న సామానుతో తుపాకి కట్టుకున్నాడు. అందులో గుండు ఉండదు. అది శబ్దాన్ని చిమ్ముతుంది. గురి పెట్టి వదిలితే ఎదుటివాడు కూలిపోతాడు. అలాంటిది చెయ్యమంది.

చదవగానే నాకు ఎర్రమ్మప్ప ఇంట్లో రేడియో గుర్తొచ్చింది. ఎర్రమ్మప్ప మా అమ్మ ఇంటికి చేపలు తెచ్చే మనిషి. సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. నా చిన్నప్పటినుంచి గంప దించి మా అరుగుమీద కూర్చుని అమ్మతో కబుర్లు చెప్పేది. అప్ప అంటే మా వైపు అక్క. నాకు యాభై దాటినా ఆమెకు నేను గుంటనే, అంటే చిన్నపిల్లనే. ఆమె భర్త లచ్చయ్య బావ పోయి అప్పటికి మూడేళ్లయింది. ఆయన రేడియో వాళ్లింట్లో గుమ్మం పక్క మేకుకి వేలాడుతూ ఉండేది. తోలు తొడుగు, తిప్పడానికి రెండు మరలు, ముందు డయలు మీద గాజులాంటి పలక. పదిరోజులు కావాలని అడిగితే, పట్టుకెల్లు గుంటా, మళ్లీ తెచ్చీయాల అంది.

ఆ పదిరోజులూ పండగలా పనిచేశాను. అన్నివైపులనుంచీ ఫొటోలు తీశాను. తోలు చెమటకి ఎక్కడ నల్లబడిందో, ఏ మర ఎక్కువ అరిగిందో, ఉప్పు ఎక్కడ పొరకట్టిందో మొత్తం ఎక్కించాను. ఆ రేడియోని ఒక పాత గ్రామఫోను గొట్టానికి బిగించి, వల తాడుతో చుట్టి, పడవ తెడ్డు ముక్కతో భుజానికి ఆనించే మడమ కట్టాను. డయలు పలకమీద బియ్యపుగింజంత నీలం రంగు చుక్క ఒకటి ఉంది. అదీ వదల్లేదు. గట్టిపడిన రంగు అంచు కాస్త ఉబ్బి ఉంటుంది కదా, ఆ ఉబ్బుతో సహా వేశాను.

మూర్తిగారు ఎవులిది అనగానే లచ్చయ్య బావ సంగతంతా చెప్పాను. ఆయన తృప్తిగా తలూపి, చుక్క దగ్గర ఆగారు. పడవకి రంగేసినప్పుడు చిందింది సార్ అన్నాను.

"ఒక్క సుక్కే సిందిందేటి?" అన్నారు.

అన్నారు, ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. ఇరవై ఏళ్లు ఆయన దగ్గర ఒకే ప్రశ్న నేర్చుకున్నాను. కంప్యూటర్లో ఉన్న ప్రతి ఉత్తుత్తి వస్తువునీ ఆ ప్రశ్న అడిగాను. బల్లమీద నిజంగా ఉన్న వస్తువుని మాత్రం అడగలేదు.

తర్వాత చేసింది పూర్తిగా మన పెంపకం చేసిన పని. ఒకరి ఇంటినుంచి గిన్నె తెచ్చుకుంటే మనం ఎలా తిరిగి ఇస్తాం? తోమి, తళతళలాడించి, ఒట్టి గిన్నె ఇవ్వకుండా అందులో ఏదో ఒకటి వేసి ఇస్తాం. తెచ్చినది తెచ్చినట్టు ఇస్తే మా అమ్మ చేత చీవాట్లే. నేను రేడియోకీ అదే మర్యాద చేశాను. స్పిరిట్లో దూది ముంచి తుడిచాను. మరల గాళ్లలో జిడ్డు పళ్లు తోముకునే బ్రష్షుతో తీశాను. తోలుకి పాలిష్ పెట్టాను. ఆ నీలం చుక్క మొండికేస్తే గోటితో గీకి తీసేశాను. కొత్త బ్యాటరీలు వేసి, అరటిపళ్లు, బెల్లం సంచిలో పెట్టుకుని బయల్దేరాను. బతుకంతా మురికి వేసి జీతం తీసుకున్నదాన్ని, ఆ ఒక్కరోజు మురికి తీశాను.

ఎర్రమ్మప్ప గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. చేతులు కడుక్కుని రేడియో అందుకుంది. ఎంత మెరుస్తోందో చూడప్పా అన్నాను గొప్పగా. ఆమె వెలుగులోకి తిప్పి చూసింది. బొటనవేలు పలకమీద ఒకచోటికి తిన్నగా వెళ్లింది. అక్కడ ఆగి, కొంచెం ఇటు, కొంచెం అటు తడిమింది.

"సుక్కేదే గుంటా?" అంది.

ఆమె తిట్టలేదు, నిదానంగా చెప్పింది. లచ్చయ్య బావకి చదువు రాదు. రేడియో కొన్న రోజున, తుఫాను కబురు చెప్పే స్టేషను ఎవరిచేతో పట్టించుకుని, ముల్లు ఆగినచోట పడవ రంగుతో చుక్క పెట్టుకున్నాడు. రోజూ తెల్లారి వేటకి వెళ్లేముందు ముల్లు ఆ చుక్క కిందికి తెచ్చి వినేవాడు. గాలి వస్తుందంటే ఒడ్డంతా తిరిగి అరిచి చెప్పేవాడు. ఎక్కడైనా సంతకం పెట్టాలన్నా ఆయనది వేలిముద్రే.

"ఆయన సేత్తో ఎట్టిన రాత అదొక్కటేనే. స్టేషనుకేటి, నాను సెవితో పట్టుకుంటాను. రాత పోనాది."

ఆ మాట అని, లోపలికి వెళ్లి నాకు టీ పెట్టి తెచ్చింది. నేను తెచ్చిన పళ్లు ఇంట్లో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. బస్సులో వస్తున్నంతసేపూ నా చూపుడువేలి గోరు కేసి చూసుకుంటూ కూర్చున్నాను. దాని సందులో ఇంకా నీలం ఉంది.

నీ చుక్క, నా చుక్క

వారం రోజులు నిద్ర సరిగా లేదు. తర్వాత నాకు నాలాంటివాళ్లకి తట్టే ఉపాయమే తట్టింది. ఫొటోలు ఉన్నాయి కదా. చుక్క ఎక్కడుందో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాను. అదే నీలం కలిపాను, ఎండకి ఎంత వెలిసిందో కూడా చూసుకుని. సన్న కుంచె, ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. అచ్చం అలాగే పెట్టేస్తానప్పా, ఎవరూ తేడా కనిపెట్టలేరు అన్నాను.

ఎర్రమ్మప్ప కుంచెను చూసింది, నన్ను చూసింది. "నువ్వెడితే నీ సుక్క అవుతాది. ఆయనదెలగవుతాది?"

కుంచె సంచిలో పెట్టేశాను. కనీసం చుక్క ఒకచోట భద్రంగా ఉందని చూపిద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. తెరమీద అదే ఆరని సాయంత్రం, ఒడ్డుకు కొట్టుకొచ్చి పక్కకి ఒరిగిన ఓడ, పైకప్పులు లేచిపోయిన ఇళ్లు. ఆమె దగ్గరికి జరిగింది. ఇది ఏ ఊరని అడిగింది. ఏ ఊరూ కాదు, మేము చేసిన ఊరు అన్నాను. పెద్ద తుఫాను మర్నాడు మన ఊరు ఇలాగే ఉండేది, మనుషులు లేరేమిటి మరి అంది. అక్కడక్కడ ఉంటారు అన్నాను.

తుపాకిని దగ్గరగా తిప్పి చూపించాను. ఆమె చూపు గొట్టం మీద ఆగలేదు, తెడ్డు మీద ఆగలేదు. తిన్నగా డయలు దగ్గరికి వెళ్లింది. తెరమీద ఆ చుక్కమీద వేలు పెట్టింది. ఉబ్బిన అంచు తగులుతుందేమో అన్నట్టు మెల్లగా తడిమింది. "అదిగో," అంది. అంతే. ఆమె కళ్లు నిండాయి, నావీ నిండాయి.

అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది. నా పనితనం ఇంకా చూపించాలనిపించింది. మీట నొక్కి పేల్చాను. గేములో దూరంగా నిలబడ్డ మనిషి ఒకడు చెవులు మూసుకుని కూలిపోయాడు.

ఎర్రమ్మప్ప తెరమీదనుంచి వేలు తీసేసింది. "ఆయన రేడియోతో మనుషుల్ని సంపుతారేటి?"

ఆట కదప్పా అన్నాను. ఆట అయినా సరే అన్నట్టు తల అడ్డంగా ఊపింది. "ఏటకెల్లినోల్లని ఎనక్కి పిలిసిన రేడియో అది. దానికి ఆ పని ఎట్టకండి."

ముప్పైమంది కూర్చుని చేసే సమీక్షల్లో నా పని గురించి నేను ఎన్నో మాటలు విన్నాను. అంత సూటిగా తప్పు పట్టినవాళ్లు లేరు. ముసలాయన సామాను, ముసలాయన చెమట, ముసలాయన రాత అన్నీ తీసుకున్నాను. ఆయన మాత్రం అందులో లేడు.

గాలొస్తన్నాది

మర్నాడు మూర్తిగారి ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఒక్క చుక్కే చిందిందేటి అని ఆయన మళ్లీ గుర్తు చేయలేదు, అది ఆయన పెద్దరికం. తుపాకిని తీసేయమని అవతలివాళ్లకి చెప్పలేం, అప్పటికే గేము చాలా దూరం వచ్చేసింది. కానీ ఒకటి అడగొచ్చు అన్నారు. ఆ తుపాకిమీద డయలు ముల్లు నిజంగానే తిరుగుతుంది. ముల్లు ఎంత దూరం జరిగితే శబ్దం అంత జోరు. ముల్లు ఆ నీలం చుక్క కిందికి వచ్చినప్పుడు మాత్రం తుపాకి పేలకూడదు. రేడియో పలకాలి.

స్విచ్చు ఉత్తరం రాసిన ఆవిడకే రాశాను. స్విచ్చు సంగతి గుర్తుచేసి, మా ఇంటినుంచి మరో పొరపాటు తెచ్చాను, ఈసారి దీన్ని సరిచేయకుండా ఉంచుకోండి అని రాశాను. చాలా రోజులు జవాబు లేదు. చివరికి, రేడియో ఏం పలకాలో పంపమని ఒక వాక్యం వచ్చింది.

ఎర్రమ్మప్ప గొంతే పట్టాను. వాళ్లింట్లోనే, వెనక సముద్రం వినిపిస్తూ ఉండగా. ఏం చెప్పాలి అంది. బావ ఒడ్డున ఏమని అరిచేవాడో అదే చెప్పు అన్నాను. కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఒక్కసారే చెప్పింది. "గాలొస్తన్నాదిరా. ఏటకెల్లకండి. ఇంటికి రండి." ఇంగ్లీషులోకి మార్చమంటారా అని స్విచ్చు ఉత్తరం ఆవిడకి రాస్తే, వద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి అంది.

గేము వచ్చాక మొదట్లో, ఆ తుపాకి ఒకచోట పేలడం లేదు, చెడిపోయింది అని ఆడేవాళ్ల ఫిర్యాదులు వచ్చాయి. తర్వాత తర్వాత వేరే మాటలు రావడం మొదలైంది. ఎక్కడో ఒకాయన రాశాడు. పని నుంచి వచ్చాక ఆ ఒడ్డుకి వెళ్లి, ముల్లు చుక్క కిందికి తెచ్చి, ఏమీ చేయకుండా కూర్చుంటాడట. ఆ ముసలామె ఏమంటుందో తెలియదట. తనకోసం ఎవరో ఎదురుచూస్తున్నారని మాత్రం తెలుస్తుందట. అది మూర్తిగారికి చదివి వినిపించాను. ఆయన ఆ సగం మూసిన కళ్లు పూర్తిగా మూసుకుని విన్నారు.

పిల్లలూ, మీరు చేసే తుపాకులు నాకంటే బాగుంటాయి. మీ కంప్యూటర్లు నాకంటే బాగా తుప్పు పట్టిస్తాయి. వస్తువు ముందు కూర్చున్నప్పుడు ఎవులిది అని మాత్రం అడగండి. తెరమీద వస్తువుని అడిగేముందు, బల్లమీద వస్తువుని అడగండి. తుడిచేముందు తప్పకుండా అడగండి.

ఉద్యోగం మానేసిన వారానికి ఎర్రమ్మప్పని చూడటానికి వెళ్లాను. ఇంట్లో లేదు, ఒడ్డున ఉందన్నారు. గుమ్మం పక్క మేకుకి రేడియో వేలాడుతోంది. నా పాలిష్ అంతా పోయి, మళ్లీ ఉప్పు పట్టి, దుమ్ము పట్టి ఉంది. చూసి ప్రాణం లేచివచ్చింది. పలకమీద పసుపు రంగు చుక్క ఒకటి ఉంది. బియ్యపుగింజంత కాదు, శనగగింజంత. వంకరగా ఉంది. నా కంటికి అలవాటైన కొలతతో చూస్తే, పాత చుక్కకి పిసరంత కుడివైపు ఉంది. దగ్గరనుంచి చూద్దామని వేలితో తాకాను. ఇంకా ఆరలేదు. అంచు కాస్త చెదిరింది.

హడావుడిగా కొంగు అందుకున్నాను. వెనకనుంచి ఎర్రమ్మప్ప గొంతు వినిపించింది.

"తుడవకే."

ఎవులిదప్పా ఇది అన్నాను, దొరికిపోయిన దొంగలా.

"నాదే. ఆయనది మీరు సేసిన ఊర్లో ఉన్నాది కదా. ఇక్కడికి నాను ఎట్టుకున్నాను." దగ్గరికి వచ్చి, చెదిరిన అంచుని తల వంచి చూసింది. "ఇదిగో, ఈ పక్క నీది. ఉండనీ."

సాయంత్రం బస్సెక్కాక చూసుకుంటే నా బొటనవేలికి పసుపు రంగు అంటి ఉంది. విజయనగరం వచ్చేదాకా దాన్ని తుడుచుకోలేదు.